15 నిమిషాల షీటు: ట్రీట్‌మెంట్ సెంటర్లో డ్యూటీ చేసి బయటికొచ్చాక

అమెరికాలో రెసిడెన్షియల్ ట్రీట్‌మెంట్ సెంటర్ అంటే, ఎక్కువగా 12 నుంచి 17 ఏళ్ల పిల్లలు నెలల తరబడి ఉండే చోటు. కొందరిని తల్లిదండ్రులే పంపుతారు, కొందరిని కోర్టు పంపుతుంది, కొందరిని ఫోస్టర్ కేర్ (సొంత ఇంట్లో ఉండలేని పిల్లల్ని వేరేవాళ్ల దగ్గర పెంచే ఏర్పాటు) చూసే ప్రభుత్వ శాఖ పంపుతుంది. చేతులు కోసుకునేవాళ్లు, ఇంట్లోంచి పారిపోయేవాళ్లు, మత్తుకు అలవాటు పడ్డవాళ్లు, ఆటిజం ఉన్నవాళ్లు, ఇంకెక్కడా బెడ్ దొరక్క ఇక్కడికి వచ్చిపడ్డవాళ్లు, అందరూ ఒకే హాల్లో ఉంటారు. బ్రోచర్లో గుర్రాలు, కొండలు, థెరపిస్టుల డిగ్రీలు కనిపిస్తాయి. డైరెక్ట్ కేర్ స్టాఫ్‌గా, అంటే పిల్లల్ని రోజంతా దగ్గరుండి చూసుకునే పని, చేసిన మాలాంటివాళ్లకు గుర్తుండేది మాత్రం ఒక క్లిప్‌బోర్డు, ఒక పొట్టి పెన్ను. పెన్నుకు దారం కట్టకూడదు. దారం మెడకు చుట్టుకోవడానికి పనికొస్తుంది.

ముందు ఒక చిన్న లెక్క. వారానికి 168 గంటలు. నిద్రకు 56 తీసేస్తే 112. అందులో థెరపిస్టుతో ఒంటరిగా ఒక గంట, వీడియోలో ఇంటివాళ్లతో కలిపి ఇంకో గంట, గ్రూపులు నాలుగైదు గంటలు. బడి గంటల్లో కూడా గది వెనక కుర్చీలో ఉండేది మేమే. అంటే 100కు పైగా గంటలు పిల్లవాడు మా కళ్ల ముందే ఉంటాడు. మా అర్హతలేమిటంటే హైస్కూల్ పాసవడం, 21 ఏళ్లు నిండడం, నేర చరిత్ర లేకపోవడం. ట్రైనింగ్ వారం రోజులు, అందులో సగం వీడియోలు. ఆ పిల్లవాడు బాగుపడినా పాడైనా ఎక్కువ భాగం ఆ 100 గంటల్లోనే. అందుకే ఎంతమంది పిల్లలకు ఎంతమంది స్టాఫ్ అన్నది మిగతా అన్నిటికంటే ముందు ప్రశ్న. అక్కడ దాన్ని రేషియో అంటారు.

రేషియో రాష్ట్రాన్ని బట్టి, లైసెన్సును బట్టి మారుతుంది. మా దగ్గర పగలు ఐదుగురికి ఒకరు, రాత్రి పది మందికి ఒకరు. 20 మంది ఉన్న యూనిట్‌కి పగలు నలుగురు స్టాఫ్, బోర్డు మీద నాలుగు పేర్లూ ఉంటాయి. అందులో ఒకరు వన్ టు వన్ డ్యూటీలో, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఒకే పిల్లతో ఉంటారు. ఆ మనిషిని రేషియో లెక్కలోంచి తీసేయాలి, కానీ తియ్యరు. ఇంకొకరు ఒక అబ్బాయిని పంటి డాక్టరు దగ్గరికి వ్యాన్లో తీసుకెళ్లారనుకోండి. మిగిలింది 18 మంది పిల్లలు, ఇద్దరు మనుషులు. మందుల వేళ ఒకరు నర్సు కిటికీ దగ్గర నిలబడాలి. బాత్రూమ్ తలుపు తాళంచెవితో తెరిచి బయట కాపలా ఉండాల్సిందీ స్టాఫే. సాయంత్రం ఏడున్నరకి ఆ యూనిట్లోకి ఎవరైనా తొంగి చూస్తే హాల్లో కనిపించేది ఒక్క మనిషి. రాష్ట్రం నుంచి ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు మాత్రం ఆఫీసులోంచి మేనేజరు, గదిలోంచి థెరపిస్టు, కిచెన్లోంచి ఇంకొకరు ఫ్లోర్ మీదికి, అంటే పిల్లలుండే చోటికి వస్తారు. లెక్క సరిపోతుంది.

రిలీఫ్, అంటే తర్వాతి షిఫ్ట్ మనిషి, రాకపోతే డ్యూటీ దిగడానికి వీల్లేదు. దాన్ని మాండేట్ అంటారు. 8 గంటల షిఫ్ట్ 16 అవుతుంది. గొడవలు పెద్దవైన రోజుల షెడ్యూలు తీసి చూస్తే, అక్కడున్నవాళ్లలో ఒకరైనా పన్నెండో గంట దాటినవాళ్లే అయ్యుండేవారు. వాళ్లు క్రూరులు కారు, అలిసిపోయినవాళ్లు. ఉద్యోగంలో చేరిన నాలుగో వారానికల్లా ఆ రెంటికీ తేడా తెలుస్తుంది. ఆ తేడా పిల్లల ఒంటి మీద మాత్రం కనిపించదు.

కొత్త పిల్ల వచ్చే రోజు పని ఇంటేక్. కొందరిని తెల్లవారుజామున నాలుగింటికి మంచం మీంచి లేపి, డబ్బు తీసుకునే ఎస్కార్టులు కారెక్కించి తెస్తారు. పిల్లలు దాన్ని గూనింగ్ అంటారు. మా తలుపు దాటేసరికి ఆ పిల్ల సరిగా తిని, నిద్రపోయి ఎన్ని గంటలైందో తనకే తెలీదు. ముందు మంచినీళ్లు, తిండి, బాత్రూమ్, తర్వాత నర్సు, ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగే ప్రశ్నలు, ఆ తర్వాత సామాను. సరైన వరుస ఇది. జరిగేది తలకిందులుగా, ముందు సోదా, చివర తిండి. ఇంటేక్ చేసే మనిషిని ఫ్లోర్ మీంచి గంటసేపు అరువు తెచ్చుకుంటారు కాబట్టి, ఆ గంటలో కాగితాలైనా పూర్తవ్వాలి.

సామాన్లో తీసేయాల్సినవి: హుడీ నాడా, బూట్ల లేసులు, బెల్టు, స్పైరల్ నోట్‌బుక్కు తీగ, బ్రాలో ఉండే తీగ, అద్దమున్న పౌడర్ డబ్బా, ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్. పెన్సిల్ చెక్కే షార్పెనర్ని చాలామంది వదిలేస్తారు. దానిలో ఒక స్క్రూ తిప్పితే బ్లేడు చేతికొస్తుంది. తర్వాత స్కిన్ చెక్. నర్సు, పిల్ల ఆడపిల్లయితే ఒక ఆడ స్టాఫ్, ముందు వెనక మనిషి బొమ్మ గీసున్న బాడీ మ్యాప్ కాగితం. ఒక్కో మచ్చ ఎక్కడుందో, ఎంత పొడవో, ఏ రంగులో ఉందో ఆ బొమ్మ మీద గుర్తు పెట్టాలి. తొందరలో "రెండు చేతులకూ పాత మచ్చలు" అని ఒక్క వాక్యం రాసి సంతకం పెడతారు. మూడు వారాల తర్వాత భుజం మీద కమిలిన గుర్తు కనిపిస్తే అది బయటినుంచి వచ్చిందో ఇక్కడ అయిందో చెప్పగలిగేవాళ్లు ఉండరు. ఈ అజాగ్రత్త వల్ల నష్టం ఎప్పుడూ పిల్లలకే. సంస్థకు అది కలిసొస్తుంది.

రాత్రి డ్యూటీ గురించి కాస్త వివరంగా చెప్పాలి. బయటివాళ్లు అది తేలికైన పని అనుకుంటారు. ప్రతి పిల్లనీ 15 నిమిషాలకు మించకుండా ఒకసారి చూడాలి, ప్రమాదం ఎక్కువున్నవాళ్లని ఐదు నిమిషాలకోసారి. చూసిన సమయం క్లిప్‌బోర్డు మీది షీటులో రాయాలి. చూడడం అంటే తలుపు సందులోంచి దుప్పటి గుట్టను చూడడం కాదు. ఛాతీ లేవడం, దిగడం కనిపించాలి. మూడుసార్లు ఊపిరి లెక్కపెట్టుకుని తర్వాతి తలుపుకి వెళ్లాలి. మెడ కనిపించాలి, ఒక చెయ్యైనా కనిపించాలి. ముసుగు తన్ని పడుకుంటే మెల్లగా పేరు పెట్టి పిలిచి తొలగించమనాలి. టార్చి ముఖం మీద వెయ్యకూడదు. పైకప్పు మీద వేస్తే దిగివచ్చే వెలుతురు చాలు. ముఖం మీద లైటు పడ్డ పిల్ల ఉలిక్కిపడి లేస్తుంది. గతంలో రాత్రిపూట ఎవరో గదిలోకి రావడమే తన సమస్యకు మొదలైన పిల్లకు రాత్రికి 30 సార్లు అదే జరుగుతుంది. మర్నాడు పొద్దున బడిలో తల బల్ల మీద పెట్టుకుంటే "సూచనలు పాటించలేదు" అని పాయింట్లు కోస్తారు.

రౌండ్లు కచ్చితంగా పదిహేను నిమిషాలకు వెయ్యకూడదన్నది ఇంకో సంగతి. పిల్లలు అడుగుల చప్పుడు లెక్కపెడతారు. 11:00, 11:15, 11:30కి వచ్చే మనిషి మధ్యలో 14 నిమిషాల ఖాళీని కానుకగా ఇస్తున్నట్టే. అందుకని ఒకసారి తొమ్మిది నిమిషాలకు, ఒకసారి పదమూడుకు, ఒకసారి వెనక్కి తిరిగి రెండు నిమిషాలకే. గుడ్డపీలికతో మెడ బిగించుకున్నవాళ్లకు నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. 15 నిమిషాల రౌండు ప్రమాదాన్ని ఆపేస్తుందని అనుకోవడం తప్పు. అసలు ఆపేది పగటిపూట ఎవరో ఒకరు ఆ పిల్ల పక్కన కూర్చుని "ఇవాళ ఎలా ఉంది?" అని అడిగి జవాబు వినడం. దానికి ఖాళీ మనిషి కావాలి. మళ్లీ రేషియో దగ్గరికే వస్తాం.

పాయింట్ల పద్ధతి సంగతి. లెవెల్ 1 నుంచి 4 దాకా ఉంటుంది. గంటకో గడి, గౌరవం, పరిశుభ్రత, సూచనలు పాటించడం అని వరుసలు, ఒక్కోదానికి 0, 1, 2. రోజు మొత్తం ఇన్ని రావాలి, ఇన్ని రోజులు వరసగా వస్తే పై లెవెల్. పైకి వెళితే ఫోన్, సొంత బట్టలు, బయట నడక. కాగితం మీద చాలా శాస్త్రీయంగా కనిపిస్తుంది. నిజానికి ఆ షీట్లు నిండేది షిఫ్ట్ చివరి పావుగంటలో, 20 మందికీ ఒకే మనిషి జ్ఞాపకం మీద. నోరెత్తనివాళ్లకి 2, మధ్యాహ్నం అరిచినవాళ్లకి పొద్దుటి గడుల్లో కూడా 1. ఆటిజం ఉన్న పిల్లవాడు కళ్లలోకి చూసి మాట్లాడనందుకు గౌరవం గడిలో సున్నా తెచ్చుకుంటాడు, నెలల తరబడి లెవెల్ 1 దాటడు. నటించడం వచ్చినవాళ్లు నెలన్నరలో పైకి వెళతారు. ఇంటికి పోయాక వాళ్లే ముందు జారిపోతారు.

గ్రూపులు నడిపే పద్ధతి ఎక్కణ్నుంచి వచ్చిందో మాకు ట్రైనింగులో చెప్పలేదు. 1958లో కాలిఫోర్నియాలో చార్లెస్ డెడెరిక్ మొదలుపెట్టిన సినానాన్ పెద్దల మత్తు మాన్పించే సంఘం. అక్కడ గుండ్రంగా కూర్చుని ఒకరి మీద అందరూ విరుచుకుపడే దాన్ని గేమ్ అనేవారు. తర్వాతి దశాబ్దాల్లో ఆ వాసన టీనేజీ పిల్లల ప్రోగ్రాముల్లోకి వచ్చింది. ఇప్పటికీ గ్రూపులో "ఇవాళ ఎవరు నిజాయితీగా లేరు, మీరే చెప్పండి" అని అడిగే లీడర్లుంటే, ఆ వాసన ఇంకా పోలేదన్నమాట.

ఇక పట్టుకోవడం, అంటే రెస్ట్రెయింట్. గొడవల్ని చల్లార్చడం నేర్పే సీపీఐ, టీసీఐ లాంటి శిక్షణల్లో ఏది తీసుకున్నా ఎక్కువ సమయం పట్టుకోకుండా ఉండడం మీదే నడుస్తుంది. ఎదురుగా కాకుండా కాస్త పక్కకి తిరిగి నిలబడాలి. కాలు చాపినా తగలనంత దూరం ఉంచాలి. చేతులు కనిపించాలి. తలుపుకి అడ్డంగా నిలబడకూడదు, దారి మూసుకుపోయిందనిపిస్తే మనిషి మీదికే వస్తాడు. మిగతా పిల్లల్ని బయటికి పంపేయాలి. వాళ్లు చూస్తున్నంతసేపు తగ్గడం పరువు సమస్య. ఒక్కరే మాట్లాడాలి, చిన్న వాక్యాలు, రెండే దారులు. "ఇక్కడ కూర్చుంటావా, బయట నడుద్దామా?" ఆపైన నోరు మూసుకోవాలి. ఆ నిశ్శబ్దం మూడు నిమిషాలైనా సాగుతుంది, కొత్తవాళ్లు ముప్పై సెకన్లకే దాన్ని మాటలతో నింపేస్తారు.

ఒక అబ్బాయి ఫోన్ కాల్ సమయం అయిపోయిందని రిసీవర్ తీసేసుకుంటే, వాడు కుర్చీ తన్నాడనుకోండి. ఒకరు "కుర్చీ ఎత్తు" అంటారు, రెండోవాళ్లు "పాయింట్లు పోతాయి" అంటారు, మూడోవాళ్లు భుజం మీద చెయ్యి వేస్తారు. ఆ చెయ్యి దగ్గరే అయిపోతుంది. చెయ్యి విదిలించుకోవడాన్ని దాడి అని పిలుస్తారు, నలభై సెకన్లలో వాడు నేల మీద ఉంటాడు. ఇద్దరు మనుషులు మాత్రమే ఉన్న రోజు ఇది ఇంకా తొందరగా జరుగుతుంది, ఎందుకంటే పక్కన 17 మందిని వదిలి ఆ ఒక్కడి దగ్గర పది నిమిషాలు కూర్చునే వెసులుబాటు ఎవరికీ లేదు.

బోర్లా పడేసి వీపు మీద బరువు పెట్టడం ప్రాణాంతకం. ఛాతీ, పొట్ట నేలకు నొక్కుకుపోతే ఊపిరి తీయించే కండరం, డయాఫ్రమ్, కదలదు. పెనుగులాట వల్ల ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, అందేది తగ్గుతుంది. గాలి కోసం కొట్టుకుంటున్నవాణ్ని ఇంకా ఎదురు తిరుగుతున్నాడనుకుని ఇంకా నొక్కుతారు. "మాట్లాడుతున్నాడంటే ఊపిరి ఆడుతున్నట్టే" అన్న మాట బ్రేక్ రూముల్లో తరచూ వినిపిస్తుంది. అది పచ్చి అబద్ధం. గొంతులోంచి మాట రావడానికి సరిపోయే గాలి, బతకడానికి సరిపోయే గాలి ఒకటి కాదు. 2020లో మిషిగన్‌లో ఒక సెంటర్లో భోజనాల దగ్గర శాండ్‌విచ్ విసిరినందుకు స్టాఫ్ నేలకదిమి పట్టుకున్న 16 ఏళ్ల అబ్బాయి రెండు రోజులకు ఆసుపత్రిలో చనిపోయాడు. ఏ రెస్ట్రెయింట్లోనైనా ఒక మనిషి చేతులు వెయ్యకుండా నిలబడి పెదాల రంగు, ఊపిరి, గడియారం మాత్రమే చూడాలి. ఆపమని చెప్పే అధికారం ఆ మనిషిదే. ఇద్దరున్న ఫ్లోర్లో ఆ మూడో మనిషి ఎక్కడినుంచి వస్తాడు?

మెడికెయిడ్ (ఆదాయం తక్కువున్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) డబ్బు తీసుకునే సైకియాట్రిక్ రెసిడెన్షియల్ సెంటర్లకు ఫెడరల్ నిబంధనలు స్పష్టంగానే ఉన్నాయి. డాక్టరు లాంటి అర్హత ఉన్నవాళ్ల ఆర్డర్ లేకుండా పట్టుకోవడం కుదరదు, "అవసరమైనప్పుడు" అని ముందే రాసిపెట్టిన ఆర్డర్ చెల్లదు. 9 నుంచి 17 ఏళ్లవాళ్లకి ఒక ఆర్డర్ రెండు గంటలకు మించకూడదు, తొమ్మిదేళ్ల లోపు అయితే గంట. ఎమర్జెన్సీ ముందే తీరితే అప్పుడే వదలాలి. మొదలైన గంటలోపు అర్హత ఉన్నవాళ్లు ఎదురుగా వచ్చి పరీక్షించాలి. 24 గంటల్లోపు పిల్లవాడితో, పట్టుకున్నవాళ్లతో కూర్చుని మాట్లాడాలి. పట్టుకోవడం, ఒంటరి గదిలో వెయ్యడం ఒకేసారి చెయ్యకూడదు. ఇవన్నీ ఫారంలో గడులుగా ఉంటాయి. 24 గంటల సంభాషణ అనే గడిలో ఎక్కువసార్లు కనిపించేది "రెసిడెంట్ మాట్లాడడానికి నిరాకరించాడు." ఎవరు అడిగారు, ఎప్పుడు అడిగారు, అప్పుడు వాడు నిద్రలో ఉన్నాడా అన్నది ఉండదు.

మందుల గురించి రెండు ముక్కలు. మాత్ర వేశాక నీళ్లు తాగించి, నాలుక ఎత్తించి, చెంపల లోపల చూడాలి. దాచుకున్న మాత్రలు పోగేస్తే ఓవర్‌డోస్‌కు సరిపోతాయి. కంట్రోల్డ్ మందుల్ని, అంటే అలవాటు పడే ప్రమాదం ఉన్నవాటిని, షిఫ్ట్ మారేటప్పుడు ఇద్దరు నర్సులు కలిసి లెక్కపెట్టాలి. గొడవ చేసినవాళ్లకి ఇచ్చే మత్తు ఇంజెక్షన్‌కు పిల్లలు పెట్టుకున్న పేరు బూటీ జూస్. ఆ పేరు ఏడో రోజుకే కొత్త పిల్లల నోట్లో ఆడుతుంటే, ఆ యూనిట్లో సూది ఎంత మామూలైపోయిందో చార్టు తియ్యకుండానే తెలుస్తుంది.

ఇన్సిడెంట్ రిపోర్టు షిఫ్ట్ దిగేలోపు రాయాలి. దీన్ని చెడగొట్టేది భాష. "రెసిడెంట్ దూకుడుగా ప్రవర్తించగా, సురక్షితంగా నేలకు చేర్చడమైనది" అనే వాక్యంలో మనుషులే లేరు. ఎవరు, ఎవర్ని, ఎలా అన్నది మాయమైపోయింది. పనికొచ్చే రిపోర్టు ఇలా ఉంటుంది: "7:42కి స్టాఫ్ ఏ రిసీవర్ తీసుకున్నారు. అబ్బాయి 'ఇంకా రెండు నిమిషాలుంది' అని మూడుసార్లు అన్నాడు, కుర్చీని తన్నాడు, కుర్చీ ఎవరికీ తగల్లేదు. స్టాఫ్ బి వెనకనుంచి కుడి భుజం పట్టుకున్నారు." చూసింది, విన్నది, దూరం, సమయం. విశేషణాలు వద్దు. ఇలా రాసినవాటిని సూపర్‌వైజరు తిప్పి పంపి "దూకుడుగా" అనే మాట చేర్చమంటారు. ఆ మాట లేకపోతే పట్టుకోవడానికి కారణం లేనట్టవుతుంది కాబట్టి. కెమెరా ఉంటుంది కదా అంటారు. మా దగ్గర రికార్డింగ్ 30 రోజులకు చెరిగిపోయేది. ఫిర్యాదు సాధారణంగా పిల్ల ఇంటికి వెళ్లాక వస్తుంది.

ఇంటికి వెళ్లేదాకా ఎందుకు రాదంటే, ఫోన్ దగ్గర మేము కూర్చుంటాం. లోపల జరిగింది చెప్పబోతే కాల్ కట్ చెయ్యమని మాకు ఆదేశం. అంతకంటే ముందే, చేర్పించిన రోజునే తల్లిదండ్రులకు ఒక మాట చెప్పి ఉంచుతారు: "మొదటి వారాల్లో మీవాడు ఇక్కడ కొడుతున్నారంటాడు, తిండి పెట్టడం లేదంటాడు. ఇంటికి రావడానికి ఆడే నాటకం, నమ్మకండి." ఆ ఒక్క మాటతో పిల్లవాడు చెప్పగలిగిన నిజమంతా ముందుగానే చెల్లకుండా పోతుంది. యూటా రాష్ట్రం 2021లో చేసిన చట్టంలో వారం వారం కుటుంబంతో ఎవరూ వినని సంభాషణ ఉండాలని, శిక్షగా దాన్ని ఆపకూడదని రాశారు. అలా రాయాల్సి వచ్చిందంటేనే అంతకుముందు ఏం జరుగుతుండేదో తెలుస్తుంది. ఆ చట్టం కోసం చిన్నప్పుడు అక్కడి సెంటర్లో ఉండి వచ్చిన టీవీ సెలబ్రిటీ ప్యారిస్ హిల్టన్ సాక్ష్యం చెప్పింది. 2024 డిసెంబరులో ఫెడరల్ స్థాయిలో ఇంకో చట్టం వచ్చింది. ప్రధానంగా అది అధ్యయనం చేయించే చట్టం, ఫ్లోర్ మీద రేషియోను మార్చే చట్టం కాదు.

డబ్బు దారి సూటిగా ఉంటుంది. రోజుకింత అని బిల్లు, ఖాళీ బెడ్‌కి ఏమీ రాదు. కాబట్టి మన యూనిట్‌కి తగని పిల్లనైనా చేర్చుకుంటారు. ఖర్చులో అన్నిటికంటే పెద్దది జీతాలు కాబట్టి కోత అక్కడే పడుతుంది. 2024 జూన్‌లో అమెరికా సెనేట్ ఫైనాన్స్ కమిటీ తన రిపోర్టులో ఈ హాని అక్కడొకటి ఇక్కడొకటి కాదని, నడిపే పద్ధతిలోనే ఉందని చెప్పింది. ఫ్లోర్ మీద చేసినవాళ్లకు అది వార్తేమీ కాదు.

మానేసేముందు తెలిసుండాల్సినవి కొన్ని ఉన్నాయి. స్టాఫ్ అందరం మాండేటెడ్ రిపోర్టర్లం, అంటే పిల్లలకు హాని జరుగుతోందని అనుమానం వస్తే చెప్పి తీరాలని చట్టం పెట్టినవాళ్లం. చాలా రాష్ట్రాల్లో సూపర్‌వైజరుకు చెప్పడంతో ఆ బాధ్యత తీరదు, పిల్లల రక్షణ హాట్‌లైన్‌కు చూసినవాళ్లే ఫోన్ చెయ్యాలి. చేసిన తేదీ, సమయం, ఇచ్చిన రిఫరెన్స్ నంబరు రాసుకోవాలి. చార్టులు, ఫోటోలు ఇంటికి తీసుకురాకూడదు, పిల్లల గోప్యత చట్టం కింద చిక్కుల్లో పడేది తీసుకొచ్చినవాళ్లే. పేర్లు లేకుండా తేదీలు, షిఫ్టులు, ఎంతమందికి ఎంతమంది ఉన్నారన్నది సొంత డైరీలో రాసుకోవడానికి ఆ చిక్కు ఉండదు. ఏళ్ల తర్వాత ఏ లాయరో అడిగినప్పుడు పనికొచ్చేది అదే.

పిల్లని చేర్పించే ముందు చూడడానికి వచ్చే తల్లిదండ్రులకు గుర్రాల కొట్టం చూపిస్తారు. అడగాల్సింది పేర్లు కొట్టేసిన పాత రాత్రి షీటు ఒకటి. 2:00, 2:15, 2:30, 2:45 అని ఒకే సిరాతో, ఒకే వాలుతో, నిలువుగా దిగిన అంకెలుంటే అది తెల్లారి ఐదింటికి కుర్చీలో కూర్చుని నింపిన షీటు. నిజంగా నడిచినవాళ్ల షీటు గజిబిజిగా ఉంటుంది: 2:03, 2:14, 2:26, 2:31. తర్వాత 2:58 దాకా ఖాళీ, పక్కన ఇరికించి రాసిన ఒక లైను: "ఏడో గదిలో వాంతులు, అక్కడ ఉన్నాను, మిగతా గదులు ఆలస్యం, ఫ్లోర్ మీద నేనొక్కదాన్నే." అలా రాసిన మనిషికి మర్నాడు క్రమశిక్షణ నోటీసు వస్తుంది. నిలువుగా దింపినవాళ్లకు రాదు.